కొత్త డ్రైవర్‌గా ట్రక్కింగ్ కంపెనీ మారాలా వద్దా: తేల్చుకునే పద్ధతి

అమెరికాలో సీడీఎల్ (పెద్ద ట్రక్కులు తోలే లైసెన్స్) చేతికొచ్చి, ట్రైనర్ దిగిపోయి, ఒంటరిగా లోడ్లు తోలడం మొదలుపెట్టిన మూడో నెలలోనో నాలుగో నెలలోనో దాదాపు ప్రతి కొత్త డ్రైవర్‌కీ ఒక రాత్రి వస్తుంది. సరుకు దించుకునే రిసీవర్ ఆరు గంటలు డాక్‌లో కూర్చోబెట్టి ఉంటాడు, దానికి డబ్బులొస్తాయో రావో తెలీదు, బయటపడేసరికి ట్రక్ స్టాపులన్నీ నిండిపోయి ఉంటాయి, ఇంటికెళ్లాల్సిన రోజు ఇంకో రెండు రోజులు వెనక్కి పోయిందని, లోడ్లు అప్పగించే డిస్పాచర్ మెసేజ్ పెడతాడు. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఇంకో కంపెనీ ప్రకటన కనిపిస్తుంది, మైలుకి ఎనిమిది సెంట్లు ఎక్కువని.

ఆ రాత్రి అప్లికేషన్ నింపకండి. నేను నింపాను కాబట్టి చెప్తున్నా. ఐదో నెలలో కంపెనీ మారాను, మూడు వారాల సంపాదన పోయింది, కొత్త చోట తొమ్మిదో వారానికల్లా అచ్చం అదే బాధ మళ్లీ మొదలైంది. నా గొడవ కంపెనీతో కాదు, నేను పడిన ఫ్లీట్‌తో (కంపెనీలో ఒక రకం పని చేసే ట్రక్కుల గుంపుతో) అని అప్పటికి గానీ బుర్రకెక్కలేదు. రెండోసారి మారినప్పుడు మాత్రం రెండు నెలలు లెక్కలు రాసుకుని మారాను. ఆ లెక్కల పద్ధతే ఇది. ఏడాది లోపు అనుభవం ఉండి, కంపెనీ ట్రక్ తోలుతూ, డబ్ల్యూ-2 మీద, అంటే పన్ను కోసుకుని ఇచ్చే ఉద్యోగి జీతం తీసుకునే వాళ్ల కోసం రాస్తున్నా. సొంత ట్రక్ ఉన్నవాళ్ల లెక్కలు వేరు.

1. బాధ ఎక్కడిదో విడదీయండి

రెండు వారాలు ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, చిరాకు వచ్చిన ప్రతిసారీ ఏం జరిగిందో ఒక్క లైన్‌లో రాయండి. తేదీ, టైమ్, ఎక్కడ, ఎంతసేపు. రెండు వారాలయ్యాక ఒక్కో లైన్ పక్కన అది ఎవరి వల్ల వచ్చిందో రాయండి. నాలుగే జవాబులు ఉంటాయి: ఈ పనే అంత, ఈ సీజన్ అంత, మా డిస్పాచర్ లేదా ఫ్లీట్ అంత, మా కంపెనీ అంత.

పార్కింగ్ దొరక్కపోవడం, వేళాపాళా లేని నిద్ర, కిరాణా గోదాముల దగ్గర గంటల తరబడి పడిగాపులు, బ్యాకింగ్ చేస్తుంటే పదిమంది చూస్తున్నారన్న టెన్షన్, ఇంట్లోవాళ్లతో వీడియో కాల్ మధ్యలో సిగ్నల్ పోవడం, ఇవన్నీ ఈ పనిలోనే ఉన్నాయి. దేశమంతా తిరిగే ఓటీఆర్ పని ఎక్కడ చేసినా ఇవి వెంటే వస్తాయి. ఇవే ఎక్కువుంటే మారాల్సింది కంపెనీ కాదు, పని రకం. అంటే ఓటీఆర్ నుంచి కొన్ని రాష్ట్రాల్లోనే తిరిగే రీజినల్‌కో, ఒకే కస్టమర్ లోడ్లు తోలే డెడికేటెడ్‌కో, రోజూ ఇంటికొచ్చే లోకల్‌కో. అది ఇప్పుడున్న కంపెనీలోనే దొరకొచ్చు కూడా.

సీజన్ సంగతి కొత్తవాళ్లకి అసలు ఎవరూ చెప్పరు. పండగల సరుకు అయిపోయాక జనవరి నుంచి మార్చి దాకా సరుకు రవాణా మామూలుగానే పలచబడుతుంది. నవంబర్‌లో సోలో మొదలుపెట్టినవాడికి మొదటి రెండు నెలలూ మైళ్లే మైళ్లు, ఫిబ్రవరి వచ్చేసరికి లోడ్ కోసం ఎదురుచూపులు. డిస్పాచర్‌కి తన మీద ఏదో కోపం ఉందనుకుంటాడు పాపం. మీ మైళ్లు ఆ నెలల్లోనే తగ్గితే అదే ఫ్లీట్‌లో నాలుగైదేళ్లుగా ఉన్న డ్రైవర్‌ని కనుక్కోండి. ఆయనకీ తగ్గితే అది సరుకు లేకపోవడం, మీకొక్కరికే తగ్గితే అప్పుడు ఆలోచించాలి.

డిస్పాచర్ వల్ల వచ్చినవేనని తేలితే దానికి మందు కంపెనీ లోపలే ఉంది, ఇంకాస్త కింద చెప్తాను. జీతం స్లిప్పుల్లో ప్రతివారం ఏదో ఒకటి తక్కువ పడటం, రిపేర్ రాసిచ్చినా ట్రక్ బాగుచెయ్యకపోవడం, ఉద్యోగంలో చేరేటప్పుడు కాగితం మీద ఇచ్చిన హోమ్ టైమ్ మాట తప్పడం, గంటలు దాటి తోలమనడం, ఇవీ కంపెనీ జబ్బులంటే.

2. ఆగకూడని సందర్భాలు

మిగతా గైడ్ అంతా నెమ్మదిగా ఆలోచించమనే చెప్తుంది గానీ ఇక్కడ మాత్రం అలా చెప్పను. రూల్స్ మీకు తెలిసినవే: పది గంటలు వరుసగా విశ్రాంతి తీసుకున్నాక 14 గంటల వ్యవధిలో 11 గంటలే డ్రైవింగ్, 8 గంటలు తోలాక 30 నిమిషాల బ్రేక్, 8 రోజుల్లో 70 గంటలు. ఇవి దాటమని, లేదా బ్రేకులు సరిగా లేని ట్రక్‌ని "ఈ ఒక్క లోడ్ దించేసి షాప్‌కి తీసుకెళ్దాం" అని, లేదా మంచు తుఫానులో ఆగితే లేట్ రాస్తామని ఒత్తిడి చేసే చోట ఏడాది పూర్తవ్వాలని కూర్చోకండి. యాక్సిడెంట్ అయితే లైసెన్స్ మీది, రికార్డ్ మీది, ప్రాణం మీది. డిస్పాచర్ మాత్రం మర్నాడు ఉదయం అదే కుర్చీలో కాఫీ తాగుతుంటాడు.

లాగ్ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఈఎల్‌డీలో (మీ గంటలు నమోదు చేసే ట్రక్‌లోని పరికరంలో) ఆఫీసు నుంచి మార్పు సూచించొచ్చు, కానీ మీరు ఒప్పుకుంటేనే అది మీ లాగ్‌లోకి వస్తుంది. తప్పు సరిదిద్దే మార్పులూ ఉంటాయి, యార్డ్ మూవ్ (యార్డ్ లోపల ట్రక్ జరపడం) మర్చిపోయారనో ఇంకోటో, అవి మామూలే. లోడ్ ఎక్కించుకుంటూ గడిపిన మూడు గంటల్ని స్లీపర్ బెర్త్‌గా (విశ్రాంతిగా) మార్చి "ఓకే నొక్కు" అంటే మాత్రం అది మీ సంతకంతో మీరే చెప్పే అబద్ధం అవుతుంది.

ఇలాంటి ఒత్తిడి వచ్చినప్పుడు ఫోన్‌లో వాదించకండి. ట్రక్‌లోని టాబ్లెట్ మెసేజ్‌లోనో, టెక్స్ట్‌లోనో రాయండి: "నాకు రెండు గంటలే మిగిలాయి, ఈ లోడ్‌కి నాలుగు గంటలు పడుతుంది, తీసుకెళ్తే రూల్ తప్పుతుంది." అంతే చాలు. డ్రైవర్‌ని బలవంతపెట్టడాన్ని నిషేధించే రూల్ 2016 జనవరి నుంచి అమల్లో ఉంది, అది కంపెనీకే కాదు సరుకు పంపే షిప్పర్‌కీ రిసీవర్‌కీ బ్రోకర్‌కీ వర్తిస్తుంది. కానీ రూల్ తప్పుతుందని మీరు చెప్పారన్న దాఖలా ఉంటేనే కేసు నిలబడుతుంది. ట్రక్కింగ్ భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎంసీఎస్‌ఏకి 90 రోజుల్లోపు ఫిర్యాదు చెయ్యాలి. రూల్ తప్పడానికి ఒప్పుకోలేదని ఉద్యోగం తీసేసినా, మైళ్లు కోసేసినా అది వేరే ఫిర్యాదు, కార్మికుల భద్రత చూసే ఓషా దగ్గర, దానికి 180 రోజుల గడువు. ఆ మెసేజ్‌ల ఫొటోలు మీ సొంత ఫోన్‌లో ఉంచుకోండి, ఎందుకంటే ట్రక్ అప్పజెప్పిన నిమిషం నుంచి ఆ టాబ్లెట్ మీది కాదు.

3. పదమూడు వారాల లెక్క

మైలుకి ఎన్ని సెంట్లు అన్నది అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో రాస్తారు, అన్నిటికంటే తక్కువ సంగతి చెప్పేదీ అదే. గత 13 వారాల స్లిప్పులు ముందేసుకోండి. అన్ని వారాలు లేకపోతే ఉన్నన్ని. ఒక్కో వారానికి ఈ అంకెలు రాయండి: డబ్బులిచ్చిన మైళ్లు, ఓడోమీటర్ ప్రకారం తిరిగిన మైళ్లు, పన్నుకి ముందు మొత్తం జీతం, అందులో డిటెన్షన్ (డాక్ దగ్గర పడిగాపులకి), లేఓవర్ (లోడ్ కోసం రోజంతా ఆగినందుకు), స్టాప్ పే (మధ్యలో ఆగే ఒక్కో చోటుకి) విడివిడిగా, ఈఎల్‌డీలో డ్రైవింగ్ ప్లస్ ఆన్‌డ్యూటీ గంటలు, ఇంట్లో పడుకున్న రాత్రులు.

మొదటి రెండు అంకెల మధ్య తేడా చూసి నేను కంగుతిన్నాను. చాలా కంపెనీలు మీరు తిరిగిన దూరానికి కాకుండా లెక్కపుస్తకం దూరానికి డబ్బులిస్తాయి. హౌస్‌హోల్డ్ గూడ్స్ మైళ్లంటే ఊరికీ ఊరికీ మధ్య దగ్గరి దారి లెక్క, ప్రాక్టికల్ మైళ్లంటే ట్రక్ నిజంగా వెళ్లగలిగే దారి లెక్క. 55 సెంట్ల ప్రాక్టికల్ మైలు, 57 సెంట్ల హౌస్‌హోల్డ్ మైలు కంటే ఎక్కువ ఇవ్వొచ్చు. ఏ మైలుకి ఇస్తారో తెలీకుండా రెండు కంపెనీల సెంట్లు పోల్చడం అంటే కిలోకి ఇంత అన్నవాడినీ తట్టకి ఇంత అన్నవాడినీ పక్కపక్కన పెట్టడమే.

ఇక గంటల లెక్క. ఉదాహరణకి ఓటీఆర్‌లో వారానికి 2,100 మైళ్లు, మైలుకి 52 సెంట్లు, మొత్తం 1,092 డాలర్లు, పని గంటలు 62. గంటకి 17 డాలర్ల 60 సెంట్ల దగ్గర తేలుతుంది. పక్క కంపెనీ రీజినల్‌లో 1,700 మైళ్లే, 58 సెంట్ల చొప్పున 986, స్టాప్ పే డిటెన్షన్ కలిపి ఇంకో 90, మొత్తం 1,076, పని గంటలు 55. గంటకి 19 డాలర్ల 56 సెంట్లు. వారం చెక్కు 16 డాలర్లు తక్కువ, కానీ ఏడు గంటలు మిగిలాయి, వారాంతం ఇంట్లో. ఇది మంచి బేరమా కాదా అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి ఉంటుంది, అప్పులు తీర్చే తొందరలో ఉన్నవాడికి ఒకటి, ఇంట్లో చంటిపిల్ల ఉన్నవాడికి ఇంకొకటి. అంకెలు చేతిలో లేకపోతే మాత్రం ఇద్దరూ గుడ్డిగానే ఎంచుకుంటారు.

పర్ డీమ్ అని జీతంలో కొంత భాగం పన్ను లేకుండా ఇస్తుంటే అదీ చూసుకోండి. చేతికొచ్చేది కాస్త పెరుగుతుంది, డబ్ల్యూ-2లో ఆదాయం తక్కువ కనిపిస్తుంది. ఇల్లు కొనాలని లోన్‌కి వెళ్లినప్పుడు ఆ తక్కువ అంకే బ్యాంకువాడికి కనపడుతుంది.

4. మీ చేతులకి ఏమైనా కట్లు ఉన్నాయేమో చూడండి

కంపెనీ డబ్బుతో సీడీఎల్ ట్రైనింగ్ అయినవాళ్లు ముందు ఆ ఒప్పందం తీసి చదవండి. ఎన్నాళ్లు పని చేస్తానన్నారు, మధ్యలో వెళ్తే మొత్తం కట్టాలా లేక పనిచేసిన నెలలకి తగ్గిస్తారా, వడ్డీ ఉందా, ఆఖరి చెక్కులో కోసుకునే మాట ఉందా. గడువు ఏడాది అంటే మీ సీడీఎల్ తేదీ నుంచా, సోలో మొదలైన రోజు నుంచా? ఈ ఒక్క మాట మీదే మూడు నెలలు తేడా వస్తుంది. కొన్ని కొత్త కంపెనీలు ఆ ఫీజు నెలనెలా తిరిగిస్తామంటాయి, మంచిదే, కానీ పాత కంపెనీ ఒకేసారి అడుగుతుంది, కొత్తది ముక్కలు ముక్కలుగా ఇస్తుంది. మధ్యలో నలిగేది మీరే.

తర్వాత మీ రికార్డులు మీరే తెప్పించుకోండి, రిక్రూటర్ చూసేలోపే. మూడున్నాయి. పీఎస్‌పీ రిపోర్ట్ ఎఫ్‌ఎంసీఎస్‌ఏ నుంచి 10 డాలర్లకి వస్తుంది, అందులో ఐదేళ్ల క్రాష్‌లు, మూడేళ్ల రోడ్డు తనిఖీలు ఉంటాయి. డాక్ (డీఏసీ) రిపోర్ట్ అని డ్రైవర్లు పిలిచేది హైర్‌రైట్ అనే బ్యాక్‌గ్రౌండ్ తనిఖీ కంపెనీ దగ్గర ఉంటుంది, పాత కంపెనీలు మీ గురించి రాసినవి దాన్లో ఉంటాయి, ఏడాదికోసారి ఉచితంగా అడగొచ్చు, తప్పుంటే అభ్యంతరం పెట్టొచ్చు. డ్రగ్ అండ్ ఆల్కహాల్ క్లియరింగ్‌హౌస్ అనే ప్రభుత్వ రికార్డులో మీ ఖాతా మీకు ఉచితం, కొత్త కంపెనీ చూడాలంటే మీరు లోపలికెళ్లి అనుమతి ఇవ్వాలి కాబట్టి పాస్‌వర్డ్ ముందే వెతికిపెట్టుకోండి. నవ్వకండి, ఓరియెంటేషన్‌లో సగం మంది దీని దగ్గరే ఆగిపోతారు. పీఎస్‌పీలో మీదికాని తనిఖీ కనిపిస్తే ఎఫ్‌ఎంసీఎస్‌ఏ వాళ్ల డేటాక్యూస్ సైట్ ద్వారా సరిచేయించాలి, దానికి వారాలు పడుతుంది.

గత కొన్ని నెలల్లో మీ తప్పు అని రాసిన యాక్సిడెంట్ ఏదైనా ఉంటే, ట్రక్ స్టాప్‌లో పక్కవాడి అద్దం గీరినదైనా సరే, నా సలహా ఒకటే, ఇప్పుడు కదలకండి. మీరేంటో తెలిసిన కంపెనీ దాన్ని ఒక పొరపాటుగా చూస్తుంది. మీరెవరో తెలియని కంపెనీ ఇన్సూరెన్స్‌కి మాత్రం అది నాలుగు నెలల అనుభవం, ఒక యాక్సిడెంట్, అంతే.

అనుభవం నెలల సంగతి కూడా ఇక్కడే. సోలో ఆరు నెలలు దాటాక తలుపులు కొన్ని తెరుచుకుంటాయి, ఏడాది దాటాక చాలా, రెండేళ్లకి ఇన్సూరెన్స్ గట్టిగా పట్టుకునే చిన్న కంపెనీలు కూడా. మీకిప్పుడు పది నెలలైతే ఇంకో రెండు నెలలకి వచ్చే ఆఫర్లు ఇవాళ్టి ఆఫర్లకంటే వేరుగా ఉంటాయి. నాలుగో నెలలో ఉన్నవాడికి ఈ మాట ఓదార్పు కాదని తెలుసు.

5. లోపలే ఒకసారి ప్రయత్నించండి

డిస్పాచర్‌ని మార్చమని అడగడం నేరమేమీ కాదు. టెర్మినల్ మేనేజర్‌కో డ్రైవర్ మేనేజర్ పైవాడికో పొట్టిగా రాయండి, మనిషి మీద కాకుండా పని మీద: "గత ఎనిమిది వారాల్లో హోమ్ టైమ్ ఐదుసార్లు దాటింది, తేదీలు ఇవి. వేరే డిస్పాచర్ బోర్డుకో, ఫలానా డెడికేటెడ్ అకౌంట్‌కో మార్చగలరా?" నోట్‌బుక్‌లో రాసుకున్న తేదీలు ఇక్కడే పనికొస్తాయి. "వాడు నన్ను పట్టించుకోడు సార్" అన్నదానికీ ఐదు తేదీలకీ మధ్య ఎంత తేడా ఉందో అవతలివాళ్ల జవాబులోనే తెలుస్తుంది. పెద్ద కంపెనీల్లో ఒక డ్రైవర్‌ని పోగొట్టుకుని ఇంకొకడిని చేర్చుకుని ట్రైనింగ్ ఇవ్వడానికి వేల డాలర్లు ఖర్చవుతాయి, బోర్డు మార్చడం వాళ్లకి చాలా చవక.

జీతంలో తక్కువ పడితే కూడా అంతే. లోడ్ నంబర్, లోపలికెళ్లిన టైమ్, బయటికొచ్చిన టైమ్, సంతకం ఉన్న బిల్లు ఫొటో పెట్టి పేరోల్‌కి పంపండి. నాకు రావలసిన డిటెన్షన్ చాలావరకు నేను అడగనందువల్లే పోయింది, రెండు గంటలు దాటకముందే మెసేజ్ పెట్టాలన్న రూల్ ఉందని నాలుగో నెలలో తెలిసింది. అదీ ఓరియెంటేషన్ పుస్తకంలో ఉన్నదే.

నాలుగు వారాల గడువు పెట్టుకోండి, మనసులోనే. బయటికి బెదిరింపుగా చెప్పకండి. నాలుగు వారాల్లో ఏమీ కదలకపోతే అప్పుడు బయటికి చూడండి.

6. అవతలి కంపెనీని ఆరా తియ్యండి

ఎఫ్‌ఎంసీఎస్‌ఏ వాళ్ల సేఫర్ సైట్‌లో కంపెనీ డాట్ నంబర్ (రవాణా శాఖ ఇచ్చే నంబర్) కొట్టండి. ఎన్ని ట్రక్కులు, ఎంతమంది డ్రైవర్లు, గత 24 నెలల్లో తనిఖీలు ఎన్ని, అందులో రోడ్డు మీదే ఆపేసినవి ఎంత శాతం, పక్కనే జాతీయ సగటు కూడా ఉంటుంది. ట్రక్కులకి ఆ సగటు 22 శాతం ప్రాంతం, డ్రైవర్లకి 6, 7 శాతం మధ్య. ట్రక్కుల అంకె సగటుకి బాగా పైన ఉంటే మెయింటెనెన్స్ సంగతి రిక్రూటర్‌ని అడగక్కర్లేదు. డ్రైవర్ల అంకె పైన ఉంటే లాగ్‌ల సంగతి ఆలోచించండి. సేఫ్టీ రేటింగ్ కండిషనల్ అని (భద్రతలో లోపాలున్నాయని) ఉంటే నేనైతే అక్కడితో ఆపేస్తాను. సరుకు కంపెనీల పర్సెంటైల్ స్కోర్లు 2015 చట్టం తర్వాత జనానికి చూపించడం మానేశారు గానీ, ఏ తనిఖీలో ఏ తప్పు దొరికిందో ఇంకా కనిపిస్తుంది. ఓపికుంటే ఓ గంట చదవండి, బ్రేకులు, టైర్లు, లాగ్‌లు, ఏవి పదేపదే వస్తున్నాయో.

తర్వాత రిక్రూటర్. ఆయన చెడ్డవాడని కాదు, కానీ మనల్ని చేర్పిస్తే డబ్బులొచ్చే మనిషి, మనం మూడు నెలలకి వెళ్లిపోయినా ఆయన కమీషన్ వెనక్కి పోకపోవచ్చు. "సంపాదన ఇంతవరకు" అనే మాట వినపడగానే ఆపి, "ఈ ఫ్లీట్‌లో ఏడాది లోపు అనుభవం ఉన్నవాళ్లకి పోయిన నెల వారానికి సగటున ఎన్ని మైళ్లు పడ్డాయి" అని అడగండి. జవాబు తెలీదంటే కనుక్కుని చెప్పమనండి. నేను తప్పకుండా అడిగేవి ఇవి:

- ఏ మైళ్లకి డబ్బులు, ఖాళీ ట్రైలర్‌తో వెళ్లిన మైళ్లకి అదే రేటా
- డిటెన్షన్ ఎన్ని గంటల తర్వాత మొదలు, గంటకి ఎంత, షిప్పర్ ఇవ్వకపోయినా కంపెనీ ఇస్తుందా
- ట్రక్ చెడిపోయి రెండు రోజులు షాప్‌లో ఉంటే రోజుకి ఎంత, హోటల్ ఎవరిది
- హోమ్ టైమ్‌లో ఒక రోజు అంటే 24 గంటలా, లేక సాయంత్రం దిగి పొద్దున ఎక్కినా ఒక రోజేనా
- లోడ్ వద్దనే హక్కు ఉందా
- డ్రైవర్ వైపు కెమెరా ఉందా, ఎప్పుడు రికార్డ్ చేస్తుంది
- సైన్‌ఆన్ బోనస్ ఎన్ని ముక్కలుగా, మధ్యలో వెళ్తే ఇచ్చింది వెనక్కి అడుగుతారా
- ఓరియెంటేషన్‌కి డబ్బులెంత, అక్కడ వద్దంటే ఇంటికి టికెట్ ఎవరిది

జవాబులన్నీ ఈమెయిల్‌లో పంపమనండి. "అవన్నీ ఓరియెంటేషన్‌లో చెప్తారు" అంటే అర్థం చేసుకోండి. ఇంకా మంచి పని, ఆ కంపెనీ ట్రక్ పక్కన ఆగినప్పుడు డ్రైవర్‌ని పలకరించడం. ఒకరు కాదు, నలుగురైదుగురు. "ఎలా ఉంది" అని అడిగితే ఎవడైనా తిడతాడు, అది డ్రైవర్ల జన్మహక్కు. "పోయిన నెల ఎన్ని రాత్రులు ఇంట్లో పడుకున్నావ్" అని అడిగితే అంకె చెప్తాడు.

లీజ్ పర్చేజ్ అని, "మీ సొంత ట్రక్ మీరే బాస్" అని వస్తే మొదటి ఏడాదిలో వద్దు. ట్రక్ వాళ్లదే, లోడ్ వాళ్లదే, వారం వారం కిస్తీ మాత్రం మీది. దీన్ని పరిశీలించడానికి ప్రభుత్వం వేసిన ట్రక్ లీజింగ్ టాస్క్‌ఫోర్స్ 2025 జనవరిలో ఇలాంటి పథకాల్ని నిషేధించాలనే చెప్పింది. వాళ్ల ట్రక్ తోలుతూ, వాళ్లు చెప్పిన లోడ్ తీసుకెళ్తూ 1099 మీద, అంటే ఉద్యోగిగా కాకుండా కాంట్రాక్టర్‌గా, జీతం అన్నా అంతే, సొంత వ్యాపారం చేసేవాళ్లు కట్టే 15.3 శాతం పన్ను మొత్తం మీ నెత్తిన, గాయమైతే వర్కర్స్ కాంప్ పరిహారం ఉండదు.

ఇంకోటి, మనవాళ్లకి. 2025 జూన్ 25 నుంచి రోడ్డు తనిఖీలో ఇంగ్లీష్‌లో మాట్లాడలేకపోయినా బోర్డులు చదవలేకపోయినా డ్రైవర్‌ని అక్కడే ఆపేస్తున్నారు. కొత్త కంపెనీ కూడా చేర్చుకునే ముందు చూసుకోవచ్చు. ట్రిప్ వివరాలు, సరుకు పేరు, లాగ్ గురించి నాలుగు ముక్కలు గట్టిగా చెప్పడం అలవాటు చేసుకుని వెళ్లండి.

7. మారడానికి అయ్యే ఖర్చు

మారడం ఉచితం కాదు. ఆఖరి లోడ్ దించి ట్రక్ అప్పజెప్పడం, ఇంటికి రావడం, ఓరియెంటేషన్ మూడు నాలుగు రోజులు, ట్రక్ కోసం ఎదురుచూపు, కొత్త డిస్పాచర్ మిమ్మల్ని నమ్మేదాకా చిన్న చిన్న లోడ్లు. తక్కువలో తక్కువ రెండు వారాల జీతం పోయిందనుకోండి. వారానికి 1,200 అయితే 2,400 డాలర్లు. కొత్త చోట మైలుకి నాలుగు సెంట్లు ఎక్కువ, వారానికి 2,000 మైళ్లు, అంటే వారానికి 80 డాలర్ల లాభం. 2,400ని 80తో భాగిస్తే 30 వారాలు. ఏడు నెలలు పనిచేస్తే గానీ పోయింది తిరిగి రాదు, ఈలోపు ఫిబ్రవరి వస్తే ఇంకా ఎక్కువ. నాలుగు సెంట్ల కోసం మారడం దండగ అని నేననేది ఇందుకే. వారాంతం ఇంట్లో ఉండటానికి మారితే లెక్క వేరు, భయం లేకుండా నిద్రపోవడానికి మారితే అసలు లెక్కే అక్కర్లేదు.

హెల్త్ ఇన్సూరెన్స్ మర్చిపోతారు చాలామంది. కొత్త కంపెనీ 90 రోజుల దాకా ఆపొచ్చు. పాత కంపెనీ పెద్దదైతే కోబ్రా అనే చట్టం కింద పాత ప్లాన్ కొనసాగించుకోవచ్చు, ఖరీదెక్కువే, అయితే ఎంచుకోవడానికి 60 రోజుల టైమ్ ఉంటుంది, ఆలస్యంగా ఎంచుకున్నా మొదటి రోజు నుంచి వర్తిస్తుంది, ఆ నెలల ప్రీమియం కట్టాలి. అంటే ఏమీ కాకపోతే కట్టకుండా గడిపేసి, ఏదైనా అయితే అప్పుడు తీసుకునే వెసులుబాటు ఆ రెండు నెలలు ఉన్నట్టే.

8. వెళ్తే ఎలా వెళ్లాలి

ముందు ఇప్పటి డిస్పాచర్‌కి చెప్పకండి. రాతలో ఆఫర్, ఓరియెంటేషన్ తేదీ, అన్ని ప్రశ్నలకీ జవాబులు వచ్చాకే. ప్రీ-హైర్ లెటర్ అంటే ఉద్యోగం కాదు, డ్రగ్ టెస్ట్, మెడికల్, రోడ్ టెస్ట్, బ్యాక్‌గ్రౌండ్ అన్నీ దాటితే ఉద్యోగం. నా బ్యాచ్‌లో ఇద్దరిని రెండో రోజే ఇంటికి పంపేశారు, ఒకతను అప్పటికే పాత ట్రక్ వదిలేసి అపార్ట్‌మెంట్ కూడా ఖాళీ చేసి వచ్చాడు. అందుకని కనీసం నెల ఖర్చులు చేతిలో ఉంచుకుని కదలండి.

అప్లికేషన్‌లో గత మూడేళ్ల ఉద్యోగాలన్నీ, దానికి ముందు ఏడేళ్లలో ట్రక్ తోలిన ఉద్యోగాలూ రాయాలి. ఆరు వారాలే చేసిన పనైనా దాచకండి. దాచింది బయటపడితే పని మానేసినందుకు కాదు, అబద్ధం చెప్పినందుకు తీసేస్తారు.

రెండు వారాల నోటీసు ఈమెయిల్‌లో ఇవ్వండి, ఆఖరి రోజు ఏ టెర్మినల్‌లో ట్రక్ అప్పజెప్తారో అందులోనే రాయండి. నోటీసు ఇచ్చాక మైళ్లు తగ్గినా, ఇంటికి దూరంగా లోడ్లు వేసినా పళ్లు బిగపట్టి పూర్తి చెయ్యండి. కోపంలో ట్రక్‌ని ఏ ట్రక్ స్టాప్‌లోనో వదిలేసి తాళాలు డాష్‌బోర్డ్ మీద పెట్టి వెళ్లిపోతే డాక్ రిపోర్ట్‌లో ట్రక్ వదిలేసినట్టు పడుతుంది, అది యాక్సిడెంట్ కంటే ఎక్కువ తలుపులు మూస్తుంది. ట్రక్ బ్రేకులు పోయి తోలలేని స్థితిలో ఉంటే అది వేరు, అప్పుడు కూడా మెసేజ్, ఫొటోలు, జవాబు కోసం ఎదురుచూడటం.

అప్పజెప్పే రోజు ట్రక్ శుభ్రంగా ఊడ్చి, నాలుగు వైపులా, లోపల, టైర్లు, డీజిల్ ముల్లు, ఓడోమీటర్ వీడియో తియ్యండి. తాళాలు, ఫ్యూయెల్ కార్డ్, టోల్ ట్రాన్స్‌పాండర్, గొలుసులు, లోడ్ లాక్‌లు ఎవరికిచ్చారో వాళ్ల సంతకం తీసుకోండి. సంతకం పెట్టేవాళ్లు లేకపోతే ఆ కౌంటర్ మీద పెట్టిన ఫొటో. లాగ్‌ల కాపీ, ఆఖరి లోడ్ల బిల్లులు, మెడికల్ కార్డ్ మీ దగ్గర ఉండాలి, కొత్త కంపెనీ మొదటి రోజే గత ఏడు రోజుల గంటలు అడుగుతుంది.

ఆఖరి చెక్కు ఎప్పుడివ్వాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, మీ రాష్ట్రం లేబర్ శాఖ సైట్‌లో చూసుకోండి. ట్రైనింగ్ ఫీజో, శుభ్రం చేసిన ఖర్చో అందులో కోసుంటే వివరం రాతలో అడగండి. నెల, నెలన్నర అయ్యాక డాక్ రిపోర్ట్ మళ్లీ తెప్పించి పాత కంపెనీ ఏం రాసిందో చూడండి. నోటీసు ఇచ్చి, టెర్మినల్‌లో ట్రక్ అప్పజెప్పినవాడికి "నోటీసు లేకుండా వెళ్లాడు" అని పడిన సందర్భాలున్నాయి. అప్పుడు ఆ ఈమెయిల్, ఆ వీడియో జతచేసి హైర్‌రైట్‌కి అభ్యంతరం పంపాలి, వాళ్లు మామూలుగా 30 రోజుల్లో తేల్చాలి. జనవరిలో పాత కంపెనీ డబ్ల్యూ-2 పంపుతుంది కాబట్టి చిరునామా మారితే పేరోల్‌కి చెప్పి వెళ్లండి.